గాలి పోయే తొవ్వల నూనె

మా గల్లీల అరుణజ్యోతి గురించి అడిగితే, మొగడు పోయినా ఏడ్వనిది అని కొందరు చెప్తరు, మొగని బండి నడుపుకుంట తిరుగుతున్నది అని కొందరు చెప్తరు. రెండూ నిజమే. ఆ బండి మొన్న వానకాలం మొదట్ల చెయ్యిదాటి పోతుండె. పోకుండ ఎట్ల ఆగిందో నేను దగ్గరుండి చూసిన. చూసుడే కాదు, అది చెడిపోవుట్ల నా చెయ్యి గూడ ఉన్నది. అందుకని నేనే రాస్తున్న.

అరుణజ్యోతి మా ఎనుకింటి బుగ్గయ్యకు కోడలు. వాళ్లది చెరువుల చేపలు పట్టే కుటుంబం. బుగ్గయ్య మాత్రం వల పట్టలేదు. చిన్నప్పటి నుంచే ఆయనకు ఇంజన్ల మీద మనసు. మా ఇంట్ల ట్రాక్టర్ కొన్ననాడు డ్రైవర్‌గ చేరి ఇరవై ఎనిమిదేండ్లు నడిపిండు. ఒక్కడే కొడుకు, నగేష్. ఏడు సీట్ల పెట్రోలు బండి ఒకటి పాతది కొనుక్కొని, రావిర్యాల దిక్కు కంపెనీల పనిచేసే ఆరుగురు ఆడోళ్లను పొద్దుగాల తీస్కపోయి మాపటికి తీస్కొస్తుండె. పిల్లలు కాలేదు. బుగ్గయ్య పెండ్లాం ఎన్నడో పోయింది. ఇంట్ల ముగ్గురే మనుషులు.

ఉగాది అయినంక పదకొండో నాడు బస్ డిపో ముంగట చాయ్ తాగుకుంట నగేష్ ఛాతిల నొప్పి అన్నడట. దవాఖానకు తీస్కపోయేటాలకు అయిపోయింది. నలభై ఒక్కేండ్లు.

అరుణజ్యోతి ఏడ్వలేదు. గాజులు తీసిననాడు గూడ చేతులు చాపి కూసున్నది, ఎవరియో చేతులైనట్టు. నేను ఊకునేదాన్ని కాదు గద, పదిదినాలు అయినంక నేరుగ అడిగిన. "ఏడ్వు బిడ్డా, జర మనసు తేలికైతది."

"వస్తలేదు పెద్దమ్మా."

"ఎందుకు వస్తలేదు?"

"ఏమో. ఎవరింట్లనో ఎవరో పోయినట్టున్నది."

గట్లనే ఉండె. నల్లా కింద బిందె నిండి పొర్లుతుంటే పక్కనే నిలబడి చూస్తుండె. ఒకనాడు పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసింది. బుగ్గయ్య ఒక్క బుక్క పెట్టుకొని ఆగిండు. ఆమె కంచం ఊడ్చి తిన్నది. ఏం చెప్పినా "సరే" అంటది. పెన్షన్ కాయిదాలు రాసుకో అంటే సరే. తల్లిగారింటికి పోయిరా అంటే సరే, కాని పోదు. సరే అన్న మాటకు ఆమె కాడ వేరే అర్థం లేకుండె. ఎదుటి మనిషి ఇగ మాట్లాడుడు ఆపాలె, అంతే.

ఐదు వారాలకు ఒకనాడు పొద్దుగాల బండి తాళం అడిగింది. బుగ్గయ్య తాళం ఇచ్చి, పోయి బండి మీది పరద గుంజిండు. నడుపుడు ఆమెకు వచ్చు. వెంచర్లల్ల రోడ్లు ఏసి, రాళ్ల మీద నంబర్లు రాసి, ఇండ్లు మాత్రం కట్టరు గద, గసొంటి రోడ్ల మీద ఐతారం ఐతారం నగేషే నేర్పిండు. ఆ ఆరుగురు ఆడోళ్లల్ల రమ అనేటామె పెద్ద. "అక్క నడిపితే అక్క బండ్లనే వస్తం" అని మిగిలినోళ్లను ఒప్పించింది.

"భయమైతలేదా?" అని అడిగిన నేను.

"లేదు పెద్దమ్మా. నడిపినంతసేపు ఏం చెయ్యాల్నో తెలుస్తది. బ్రేక్ అంటే బ్రేక్, గేర్ అంటే గేర్. దిగినంకనే తెలుస్తలేదు."

ఆ బండి ఆమెకు ఏందో నాకు గప్పుడు సమజైంది. రోజుకు పొద్దుగాల ఒక గంట, మాపటికి ఒక గంట. ఆ రెండు గంటలే ఆమె మనిషి లెక్క ఉంటుండె.

ఇగ బుగ్గయ్య సంగతి. కొడుకు పోయిన మనిషి, కోడలు సంపాయించి తెస్తుంటే కూసొని తినుడు ఆయనకు కష్టమైతుండె. ఏదన్న చెయ్యాలె. మూడు వారాల సంది మా రోడ్డు మీద మొరం లారీలు ఒకటే తిరుగుడు. బండి మీద ఎర్ర దుమ్ము మందంగ పేరుకున్నది. ఒక ఐతారం అరుణజ్యోతి కాయిదాల పని మీద యాచారం పోయింది. నేను బియ్యం చెరుగుకుంట గోడ మీదకెల్లి చూస్తే, బుగ్గయ్య బానెట్ లేపి కనవడ్డడు. చాట కింద పెట్టి పోయిన.

నల్లటి ప్లాస్టిక్ డబ్బ ఒకటి ఇప్పిండు. అండ్ల మడతలు మడతలుగ కాయిదం అసొంటిది ఉన్నది, ఎర్రగ దుమ్ముతోని.

"గిదేంది బుగ్గన్నా?"

"గాలి జల్లెడ, పటేలమ్మా. సూడు, దీనికి ఎన్నడన్న చుక్క నూనె సూపించిన్రా? ఎండి కట్టెలెక్క ఉన్నది."

మా పాత ట్రాక్టర్‌కు గాలి తీసుకునే గొట్టం కింద గిన్నె ఒకటి ఉండె. గిన్నెల నూనె పోస్తరు. గాలి ఆ నూనె మీదకెల్లి పోతది, దుమ్మంత నూనెల మునుగుతది, సాఫ్ గాలి ఇంజన్లకు పోతది. వారానికోసారి బుగ్గయ్య ఆ గిన్నె ఇప్పి, బురద నూనె పారబోసి, కడిగి, గీత దాక కొత్త నూనె పోసేటోడు. ఇరవై ఎనిమిదేండ్లల్ల ఒక్క వారం తప్పలేదు. మా ట్రాక్టర్ ఇంజన్ ఒక్కసారి గూడ రిపేరుకు రాలేదంటే ఆ గిన్నెనే కారణమని చెప్పుకునేటోడు.

"మరి దీనికి గిన్నె ఏది?" అన్న నేను.

"అదే ఎతుకుతున్న. కంపెనోడు పెట్టుడు మర్శిపోయిండు."

"గంత పెద్ద కంపెనోడు మర్శిపోతడా?"

"మర్శిపోతడు. నీ కొత్త మిక్సీ మూత సక్కగ పడుతదా?"

పడదు. నోరు మూసుకున్న.

ఆయన ఆ జల్లెడను కిరసనాయిలుల కడిగిండు. గిన్నె లేదు గాబట్టి జల్లెడనే ఇంజనాయిల్ల నానవెట్టిండు. డబ్బ అడుగుల గూడ ఇంత పోసిండు. మూత నేను పట్టుకున్న, క్లిప్పులు ఆయన ఏసిండు. "కోడలికి చెప్పకు. రేపు బండి పూవు లెక్క పోతది, గప్పుడు చెప్త" అన్నడు. కొడుకు పోయినంక ఆయన మొకంల నవ్వు నేను చూసింది ఆనాడే.

సోమారం పొద్దుగాల బండి తెల్లటి పొగ ఇడుసుకుంట లేచింది. మన్నెగూడ చేరేటాలకు కాలు నొక్కితే పోతలేదట, ఎనుకకు గుంజినట్టు చేస్తున్నదట. ముంగట ఇంజన్ బొమ్మ లైటు ఎలిగింది. చౌరస్త కాడ ఆగింది, మల్ల లేవలేదు. ఆరుగురూ దిగి ఆటోలు పట్టుకొని ఉరికిన్రు. గేటు కాడ ఆలస్యమైంది, వాళ్లకు సగం రోజు పోయింది. బండిని ఒక హార్డ్‌వేర్ దుకాణం పక్కకు నూకి, అరుణజ్యోతి బస్సుల ఇంటికొచ్చింది.

మాపటికి రమ వచ్చింది. గడప మీదనే కూసున్నది, లోపటికి రాలేదు.

"అక్కా, నీ మీద కోపం లేదు. ఈ వారం ఆటోలల్ల పోతం. వచ్చే సోమారం గూడ బండి రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటరట వాళ్లు. నేనొక్కదాన్ని ఎంతకని ఆపుత?"

"సరే" అన్నది అరుణజ్యోతి.

"సరే ఏందక్కా? బాగుచేపిస్తవా, చేపియ్యవా?"

"సరే."

రమ నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన.

మంగళారం గల్లీ చివరి కిష్టా పోయి బండి చూసొచ్చిండు. పాత బండ్లు అమ్మిచ్చుడు ఆయన పని. బానెట్ గూడ లేపలేదు, పొగ సంగతి ఇని చెప్పేసిండు. "వదినా, ఇంజన్ పని అయిపోయింది. పొగ తెల్లగ వచ్చిందంటే లోపట నూనె తాగుతున్నట్టు. ఇప్పుతే మల్ల మూతపడదు. నా కాడ కొనే పార్టీ ఉన్నది, ఐతారం తీస్కొస్త. ఉన్నదున్నట్టే ఇచ్చేద్దాం."

"సరే."

మిగిలిన సరేలు వేరు, ఈ సరే వేరు. దీనితోని బండి పోతది.

బుగ్గయ్య ఇంటి ఎనుక రాయి మీద కూసున్నడు. రెండు రోజుల సంది సక్కగ తింటలేడు. పోయి పక్కన నిలబడ్డ.

"బుగ్గన్నా, మనం పోసిన నూనెనేనా?"

"నూనె పోస్తే ఇంజన్ బాగైతది గాని కరాబైతదా?"

"మరి ఐతారం పోస్తే సోమారం ఎందుకు ఆగింది?"

ఆయన భూమి దిక్కు చూసిండు.

"చెప్పు ఆమెకు" అన్న.

"నువ్వు చెప్పు. మూత నువ్వు పట్టుకోలేదా?"

"నేను పట్టుకున్న గని, పొయ్యిమన్ననా?"

"వద్దు అన్నవా?"

అనలేదు. ఆయనే మెల్లగ అన్నడు, "తిడుతదని కాదు పటేలమ్మా. తిట్టదు. అదే భయం."

కిష్టాకు ఫోన్ చేసి, పార్టీని ఐతారం మాపు దాక పట్టుకొని ఉండు, ఈలోపల ఒక మెకానిక్‌కు చూపిస్తమని చెప్పిన. మన్నెగూడల జంగా అని ఒకాయనకు రేకుల షెడ్డున్నది. మా తమ్ముని జీపు ఆయనే చూస్తడు. బండిని ఆడిదాక నూకిచ్చి, శనారం పొద్దుగాల ముగ్గురం బస్సుల పోయినం.

జంగా బానెట్ లేపిండు, డబ్బ క్లిప్పులు తీసిండు, మూత ఎత్తిండు. లోపట ఆ జల్లెడ నల్లగ, మెత్తగ, నూనెల నానిన బూరె లెక్క కూసొని ఉన్నది. ఏలితోని ఎత్తితే సుక్కలు సుక్కలు కారింది.

"ఎవరు చేసిన్రు గిది? బండి నడుపుదామనా, బజ్జీలు ఏద్దామనా?"

నేను రోడ్డు మీద పోయే బస్సు నంబరు చదివిన.

"నేనే" అన్నడు బుగ్గయ్య.

జంగా ఆయన తెల్ల మీసాలు చూసి గొంతు తగ్గించిండు. "ట్రాక్టర్ నడిపినవా తాతా?"

"ఇరవై ఎనిమిదేండ్లు."

"గదీ సంగతి. తాతా, దానికి నూనె గిన్నె ఉంటది. దీనికి కాయిదం. కాయిదం ఎండుగ ఉంటేనే గాలి ఇడుస్తది. నూనె పడితే మూసుకుంటది. ఇంజన్‌కు గాలి ఆడలేదు, పైగ ఆ నూనెను లోపటికి గుంజుకున్నది. అందుకే పొగ."

బుగ్గయ్య కోడలు దిక్కు తిరిగిండు. "బిడ్డా, నీకు చెప్పకుండ చేసిన. తప్పైంది."

"సరే మామా."

ఆయన ఇంకా చూస్తనే ఉన్నడు. కొద్దిసేపటికి ఆయన షెడ్డు బయటికి పోయి టైర్ల కుప్ప పక్కన కూసున్నడు.

"ఇంజన్ పోయిందని చెప్పిన్రే?" అని నేను అడిగిన.

"ఇంజన్‌కు ఏం కాలేదవ్వా. గాలి తొవ్వ కడగాలె, అంతే. కాని నాకు ఇయ్యాల రెండు బండ్లు ఇచ్చేదున్నది." అరుణజ్యోతి దిక్కు చూసిండు. "అక్కా, నువ్వే చెయ్యి. నేను చెప్త. రేపు మల్ల దుమ్ము వడితే నా దాక రానవసరం లేదు."

"సరే" అని ఆమె కొంగు నడుముకు చెక్కింది.

జంగా ముందు బ్యాటరీ తీగ ఇప్పించిండు. తర్వాత ఏలితోని చూపెట్టుకుంట గాలి ఎటు పోతదో చెప్పిండు. బండి మొకం కాడ, జాలి ఎనుక గొట్టం మూతి. ఆడికెల్లి డబ్బలకు. డబ్బల జల్లెడ. జల్లెడ దాటినంక మడతల రబ్బరు గొట్టం. ఆ గొట్టంల సెన్సారు అని ఒకటి, ఎంత గాలి పోతున్నదో కొలిచి లోపటి కంప్యూటర్‌కు చెప్తది, అది గంత పెట్రోలు ఇడుస్తది. చివరకు బిళ్ల తలుపు ఒకటి. మనం కాలు నొక్కితే ఆ తలుపు తెరుసుకుంటది. అది దాటితే ఇంజనే.

"అంటే కాలు నొక్కితే పెట్రోలు పోతదనుకున్న నేను" అన్న.

"అందరు గట్లనే అనుకుంటరు. కాలుతోని మనం తెరిచేది గాలికి తలుపు. పెట్రోలు దాని ఎనుక వస్తది."

నాకది మస్తు నచ్చింది. ఇన్నేండ్లు మా ట్రాక్టర్ ఇంట్లనే ఉన్నా ఎవరూ నాకు గా మాట చెప్పలేదు.

డబ్బ మొత్తం ఇప్పించి సబ్బునీళ్లతోని కడిగించిండు. రబ్బరు గొట్టం లోపట గుడ్డ దూర్చి నూనె తుడిపించిండు, ఎలుతురుకు పట్టి ఎక్కడన్న చీలింది ఉన్నదేమో చూపించిండు. సెన్సారు ఇప్పి ఆమె చేతిల పెట్టిండు. లోపట ఎంటిక అసొంటి తీగ, దాని మీద నూనె మెరుస్తున్నది. నేను ఆగలేక కొంగు చివర పట్టుకొని ముంగటికి పోయిన.

"అవ్వా! చెయ్యి తియ్! తగిలితే తెగుతది!"

గంత మాటకు నేను అదిరిపోయిన. అరుణజ్యోతి మాత్రం అదరలేదు, సెన్సారు పట్టుకున్న చెయ్యి జర గూడ కదలలేదు. జంగా ఇచ్చిన స్ప్రేను దూరంకెల్లి కొట్టింది, ఆగింది, మల్ల కొట్టింది. దానంతట అదే ఆరాలె, ఉఫ్ అని ఊదొద్దు అంటే ఎండల పెట్టి పక్కన కూసున్నది. నేను ఉఫ్ అంటనేమోనని నా దిక్కు గూడ ఒకసారి చూసింది.

బిళ్ల తలుపు కాడ పని ఎక్కువైంది. అంచుల చుట్టు నల్లటి జిగురు, ఏండ్లదంత ఉన్నది. స్ప్రే కొట్టిన గుడ్డతోని మెల్లగ, పండ్ల బ్రష్షుతోని మూలలు. తలుపును ఏలితోని బలంగ నూకొద్దన్నడు, లోపటి మోటరు పండ్లు పోతయట. ఆమె గంటసేపు వంగి అదే చేసింది. గుడ్డ నల్లగైతే మడత మార్చింది. మల్ల నల్లగైతే మల్ల మార్చింది. నేను ఏదో ఒకటి మాట్లాడుకుంటనే ఉన్న, ఆమె ఇంటున్నదో లేదో తెల్వలేదు.

నడుమల ఫోన్ మోగింది. కిష్టా. చేతులు నల్లగున్నయని నేనే ఎత్తి ఆమె చెవు కాడ పెట్టిన. గొంతు నాకు గూడ ఇనవడుతున్నది.

"వదినా, పార్టీ రేపు పొద్దుగాలనే వస్తనంటున్నడు. కాయిదాలు తీసి పెట్టు."

ఆమె గుడ్డ మడత మార్చుకుంట అన్నది, "అమ్ముతలేను."

"ఏంది? మొన్న సరే అన్నవ్ గద!"

"అన్న. అమ్ముతలేను."

కోపం లేదు ఆ గొంతుల, సంబురం లేదు. పాలు వద్దని పాలాయనకు చెప్పినట్టే ఉండె. మల్ల వంగి తలుపు తుడుసుడు మొదలువెట్టింది.

కొత్త జల్లెడ జంగా తెప్పిచ్చిండు. ఎండు కాయిదం, తెల్లగ. అన్ని బిగించినంక ప్రతి క్లిప్పును ఆమెతోనే రెండోసారి తిప్పించిండు, ఒక్కటి వదులుగున్నా దుమ్ము జల్లెడకు దొరకకుండ పక్కకెల్లి పోతదట. బ్యాటరీ తగిలించిన్రు. ఆమె కూసొని తాళం తిప్పింది.

ఇంజన్ లేచింది. లేచి గట్టిగ అరిసింది, పడ్డది, మల్ల అరిసింది. నేను పోయిందే అనుకున్న. "కాలు పెట్టకు అక్కా, జర ఆగు. ఇన్ని రోజులు మురికి తలుపుకు అలవాటుపడ్డది. సాఫ్ తలుపు ఎంతదో మల్ల చూసుకుంటది" అన్నడు జంగా. పొగ మొదలు తెల్లగ వచ్చింది, కొద్దిసేపటికి పలచనైంది, ఆగింది. చప్పుడు సాపుగయింది. లైటు మాత్రం అట్లనే ఉండె. జంగా తన మిషన్ పెట్టి దాన్ని తీసేసిండు.

నేను ఆమె మొకం చూస్తున్న. ఇప్పుడన్న ఏడుస్తది అనుకున్న. రెండు చేతులు స్టీరింగ్ మీద పెట్టుకొని రోడ్డు చూస్తున్నది. మొకంల ఏం లేదు. టైర్ల కాడికెల్లి బుగ్గయ్య లేచొచ్చి, ఇంజన్ చప్పుడుకు చెవు ఒగ్గి, "మంచిగున్నది" అన్నడు, తనకు తానే చెప్పుకున్నట్టు. పోయి ఎనుక సీట్ల కూసున్నడు.

సోమారం పొద్దుగాల ఆరింటికి ఆరుగురూ ఎక్కిన్రు. రమ ముంగట కూసొని, "ఇయ్యాల నూకుడు ఉన్నదా అక్కా? చీర పైకి చెక్కుకోవాల్నా?" అని అడిగిందట. అరుణజ్యోతి, "లేదు" అన్నదట. అంతే. టైముకు గేటు కాడ దింపింది, మాపటికి తీస్కొచ్చింది.

తెల్లారి మంగళారం. ఆమె పొద్దుటి ట్రిప్పు కొట్టి వచ్చి బండి వాకిట్ల పెట్టి లోపటికి పోయింది. నేను మా ఇంట్ల పప్పు పొయ్యి మీద పెడుతున్న. ఎనుకింట్లకెల్లి కేక.

"మామా! మల్ల మొదలువెట్టినవా? దాని జోలికి పోకు! ముట్టకు! నాకు ఒక్క బండి ఉన్నది, దాన్ని గూడ తీసి పారేస్తవా?"

చెంచ పొయ్యి కాడ పడేసి ఉరికిన. బుగ్గయ్య చేతిల ఎండు గుడ్డ ఉన్నది. బానెట్ మీది దుమ్ము తుడుస్తున్నడు, అంతే. బానెట్ లేపనే లేదు. ఆమె గడపల నిలబడి ఉన్నది, మొకం ఎర్రగున్నది, గొంతు నరాలు తేలినయి. గల్లీల నాలుగు తలుపులు తెరుసుకున్నయి. నేను ఆ పిల్లను కాపురానికొచ్చిన నాటి నుంచి చూస్తున్న, గొంతెత్తుడు ఎన్నడూ ఇనలేదు. ఒక నిమిషం నిలబడి లోపటికి పోయింది.

బుగ్గయ్య గుడ్డ మడిచి జేబుల పెట్టుకొని నా కాడికొచ్చిండు. "తిట్టింది పటేలమ్మా" అన్నడు. బిడ్డ పరీక్ష పాసైందని చెప్పినట్టు చెప్పిండు. ఆనాడు మా ఇంట్లనే కూసొని రెండుసార్లు చాయ్ అడిగి తాగిండు.

మాపటికి బండి తియ్యబోయే ముంగట పోయి కిటికీల తల పెట్టిన. "మామను మస్తు తిట్టినవ్ గద?"

ఆమె నా దిక్కు చూసింది. నిజంగనే యాదికి తెచ్చుకునేటందుకు చూస్తున్నట్టుండె.

"తిట్టిన్నా పెద్దమ్మా?"

"తిట్టినవ్. గల్లీ అంత ఇన్నది."

"ఏం తప్పు చేసిండు?"

"దుమ్ము తుడిసిండు."

ఆమె తాళం తిప్పింది, ఇంజన్ లేచింది. "ఐతారం జల్లెడ తీసి దులపాలె. మామను కూసుండవెడుత పక్కన. ఎట్ల తట్టాల్నో చూపిస్త" అన్నది. టైము చూసుకొని, తల బయటికి తియ్యుమని నాకు చేతితోని సైగ చేసి, బండి ముంగటికి పోనిచ్చింది.